పడక సారు బోటీ హోటల్

పడుకుని చూడందే రాజమోహన్ లోకంలో దేన్నీ నమ్మేవాడు కాదు.

మంచం కొనేటప్పుడు ఎవరైనా కోళ్లు తట్టి చూస్తారు, నవారు నొక్కి చూస్తారు. ఆయన చెప్పులు విడిచి, కండువా మడిచి తలకింద పెట్టుకుని, కొట్టు నడిమధ్యన కళ్లు మూసుకునేవాడు. ఆత్మకూరులో మంచాల కొట్టు యజమాని వచ్చిన గిరాకీతో, "ఆ మంచం తప్ప ఏదైనా చూడండి, అది ఇంకా నిద్రలో ఉండాది" అని చెప్పుకునేవాడు. మంచం సంగతి సరే, చెప్పులు కొనడానికి పోయినా ఆయన కొత్త జోడు తొడుక్కుని బెంచీ మీద పడుకునేవాడు. నిలబడితే ఏ చెప్పైనా బాగానే ఉంటుందట. పడుకున్నా కాలికి బరువు తెలియకపోతేనే అది మంచి చెప్పట. పొలం బేరానికి పోతే గట్టు మీద పడుకునేవాడు. బేరం కుదిర్చేవాళ్లు ఎండలో గొడుగులు పట్టుకుని ఆయన చుట్టూ నిలబడేవాళ్లు.

ఈ అలవాటు ఆయన పెళ్లి కూడా మింగేసింది. కొండాపురంలో ఒక మంచి సంబంధం చూశారు. పిల్లను పిలిచేలోగా ఈయన, "ముందు ఇల్లు చూస్తాను" అని వసారాలో పడుకున్నాడు. పిల్ల కాఫీ పట్టుకొచ్చేసరికి గురక వినిపిస్తోంది. పిల్ల తండ్రి భుజం తట్టి లేపి, "ఏం బాబూ, నచ్చిందా?" అని అడిగాడు. "దూలాలు గట్టివి. గాలి బాగా వస్తా ఉండాది. చల్లగా ఉండాది" అన్నాడు రాజమోహన్. పిల్ల ఆ మాట విని, కాఫీ గ్లాసుతో సహా లోపలికి పోయింది. ఆ తర్వాత ఎవరూ ఆయనకు పిల్లను చూపించలేదు, ఆయనా అడగలేదు. యాభై దాటేసరికి ఉదయగిరిలో ఆయన అసలు పేరు పోస్టుమ్యాన్‌కు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన పడక సారు.

ఆయన సంగతి సుజనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆయన చుట్టూ ఊడ్చింది ఆమే. ఉదయగిరి బజారు చివర, కొండవైపు వీపు పెట్టి ఉన్న జాగీరు మేడ రాజమోహన్ తాతలది. చుట్టూ సున్నం గోడలు, టేకు దూలాలు, నడవా నిండా స్తంభాలు. ఆయన ఎక్కడ పడుకుంటే అక్కడ వదిలేసి మిగతా నేల ఊడ్చేది సుజన. ఆయన లేచి పోయాక అక్కడ మనిషి ఆకారంలో దుమ్ము మిగిలేది. అప్పుడు దాన్ని ఊడ్చేది.

సుజనకు పంతొమ్మిదేళ్లు. వాళ్ల ఊరు సోమశిల నీళ్ల కింద పోయినప్పుడు చిన్నపిల్ల. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లను చంకనేసుకుని అవ్వ లిదియమ్మ ఉదయగిరి వచ్చి, ఈ మేడకు కాపలా మనిషిగా కుదిరింది. మేడ వెనక గదిలో వాళ్ల కాపురం. సుజన తొమ్మిదో తరగతిలో ఉండగా అవ్వ మోకాళ్లు పట్టేశాయి. చీపురు మనవరాలి చేతికి వచ్చింది, బడి జారిపోయింది. సుజనకు మాటలు తక్కువ, బిడియం ఎక్కువ. కొత్తవాళ్లు వస్తే స్తంభం వెనక్కి పోయేది. మేడలో అన్ని స్తంభాలుండటం ఆమెకు బాగా కలిసొచ్చింది. స్తంభం వెనకనుంచి ఆమె చూడనిదీ, విననిదీ ఏదీ లేదు.

తొంభై నాలుగు ఎండాకాలంలో రాజమోహన్ అక్క రామసుబ్బమ్మ ఆత్మకూరు నుంచి కారులో దిగింది. మేడలో సగం వాటా ఆమెది. భారీ మనిషి, పెద్ద గొంతు. వెంట వెంకటరమణయ్య అనే కాంట్రాక్టరు, ఆయన చేతిలో కొలిచే టేపు. మేడ పడగొట్టి, కింద అంగళ్లు, పైన కల్యాణ మండపం ఉండే కాంప్లెక్సు కట్టించాలని ఆమె పట్టుదల. వాకిట్లోకి రాగానే ఆమె ఆగిపోయింది. సింహద్వారం గడపకు అడ్డంగా తమ్ముడు పడుకుని ఉన్నాడు.

"ఏందిరా ఇది?"

"చూస్తా ఉండానక్కా."

"ఏం చూస్తా ఉండావు?"

"ఈ గడప పీకితే ఇల్లు ఊరుకుంటాదా అని. వెంకటరమణయ్యా, నువ్వూ ఒకసారి పడుకో. పైన దూలం చూడు. చూసినాక నీ టేపు పెట్టు."

వెంకటరమణయ్య మర్యాదస్తుడు. యజమానుల్లో ఒకరు చెప్పారు కదా అని ఆయన పక్కనే పడుకున్నాడు. నేల చల్లగా ఉంది. పైన దూలం మీద చెక్కిన చిలకలు వరసగా కొండవైపు ఎగురుతున్నాయి.

"నిజంగానే బాగుండాదమ్మా," అన్నాడు పైకి చూస్తూ.

"నిన్ను కొలవమన్నాను. లెయ్," అంది రామసుబ్బమ్మ. "ఒరే రాజా, ఈ పాడుకొంపను ఏం చేసుకుంటావురా?"

రాజమోహన్ లేచి కూర్చున్నాడు. "హోటల్ చేస్తాను."

కిందటేడు కంటి ఆపరేషనుకు పాండిచ్చేరి పోయినప్పుడు ఆయన ఒక పాత ఫ్రెంచి దొర ఇంట్లో దిగాడు. ఆ ఇంటిని కూలగొట్టకుండా, బాగుచేసి హోటలు పెట్టారు. గదులు నాలుగే. పోగానే ముఖం కడుక్కోమని చన్నీళ్లిచ్చారు, పేరు పెట్టి పిలిచారు, దిండు మెత్తగా కావాలా గట్టిగా కావాలా అని అడిగారు. దిండు సంగతి అడిగిన మనుషులను ఆయన జీవితంలో చూడటం అదే మొదటిసారి. కంట్లో నీళ్లు వచ్చాయి. ఆపరేషను వల్ల అని డాక్టరు అన్నాడు గానీ కాదు.

"దాన్ని బొటీక్ హోటల్ అంటారక్కా."

"బోటీనా?"

"బోటీ కాదు. బొటీక్."

"ఆ చివర క్ ఏందిరా?"

"మర్యాదంతా దాన్లోనే ఉండాది."

గొర్రె పేగుల కూరకూ తాతల మేడకూ ఏం సంబంధమో రామసుబ్బమ్మకు అర్థం కాలేదు. కానీ తమ్ముడి ముఖం చూస్తే ఈసారి మళ్లీ పడుకుంటే లేచేట్టు లేడు. ఆమె అక్కడే నిలబడి తీర్పు చెప్పింది.

"సరే. దీపావళి వానలు పట్టేదాకా చూస్తాను. మన చుట్టం కాని మనిషి, నీ మొహం చూసి మొహమాటపడని మనిషి, ఒక్కరంటే ఒక్కరు ఈ కొంపలో దిగాల. దిగి, 'రేపు కూడా ఉంటాను' అని తమ నోటితో అనాల. నేను నా చెవులతో వినాల. అప్పుడు నేను నోరెత్తను. లేదంటే గడ్డపార దిగతాది. ఏం?"

"సరేనక్కా," అని రాజమోహన్ మళ్లీ పడుకున్నాడు.

స్తంభం వెనకనుంచి సుజన అంతా విన్నది. మేడ పోతే వెనక గది పోతుంది. వెనక గది పోతే మోకాళ్లు పట్టేసిన అవ్వను తీసుకుని ఎక్కడికి పోవాలి? ఆ రోజునుంచి ఊళ్లో అందరూ పడక సారును చూసి నవ్వుకున్నా, సుజన మాత్రం నవ్వలేదు.

మర్నాటినుంచి పని మొదలైంది. సిమెంటు పనికిరాదన్నాడు రాజమోహన్. గానుగలో రుబ్బిన సున్నమే పూయాలి. గదులు నాలుగే ఉండాలి, అయిదో గది చేస్తే మర్యాద పలచబడుతుంది. అన్నిటికీ మించి, పనిచేసేవాళ్లంతా తాము చేసిన పనిని పడుకుని చూసుకోవాలి.

"నేను గోడ కట్టేది నిలబడి గదా సార్," అన్నాడు మేస్త్రీ మునెయ్య.

"వచ్చేవాడు పడుకుని చూస్తాడు గదా. పడుకో. ఆ మూల పూత చూడు. ఉబ్బినట్టు లేదా?"

మునెయ్య పడుకుని చూశాడు. ఉబ్బే ఉంది. "ఉండాది సార్. కానీ మనిషి ఈడికి వచ్చేది నిద్రపోడానికా, గోడ చూడడానికా?"

"నిద్ర పట్టనోడు గోడే చూస్తాడు."

"నిద్ర పట్టినోడు?"

"వాడితో మనకు పనేముండాది?"

కరెంటు పనికి వచ్చిన జోయల్ కుర్రవాడు, ఒప్పుకోలేదు. స్విచ్చి ఎక్కడైనా తలుపు పక్కనే ఉంటుందన్నాడు. "లైటు ఆర్పడానికి లేచిపోయి, చీకట్లో తడుముకుంటా మంచం కాడికి రావాలా?" అని రాజమోహన్ వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి చెయ్యి చాపమన్నాడు. చెయ్యి ఎక్కడ తగిలిందో అక్కడ బొగ్గుతో గీత గీశాడు. ఫ్యాను నెత్తిమీద తిరిగితే మనిషికి దిగులు పుడుతుందని కాళ్లవైపు జరిపించాడు. పదిహేను రోజులయ్యేసరికి జోయల్ చెప్పకుండానే పడుకోవడం నేర్చుకున్నాడు. ఇంటికి పోయి కూడా పడుకుని మేకులు కొడుతున్నాడని వాళ్లమ్మ వచ్చి గోల చేసింది.

పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని రామసుబ్బమ్మ ఒక మధ్యాహ్నం చెప్పకుండా వచ్చింది. ముందు గదిలో మునెయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. పక్క గదిలో జోయల్ ఒక చెయ్యి గాలిలో పెట్టి పడి ఉన్నాడు. నడవాలో సున్నం మోసే ఆడవాళ్లు వరసగా పడుకుని దూలాల వైపు వేళ్లు చూపిస్తున్నారు. మిద్దె మీద తమ్ముడి కాళ్లు కనిపిస్తున్నాయి. నిలబడి ఉన్న మనిషి కోసం వెతికితే స్తంభం వెనక సుజన దొరికింది.

"ఏమైందే వీళ్లందరికీ?"

"పని చేస్తా ఉండారమ్మా," అంది సుజన.

బోర్డు సంగతి అంతకంటే పెద్ద కథ. ఆత్మకూరులో పెయింటరుకు కాగితం మీద రాసి పంపితే, తయారైన బోర్డును డ్రైవరు కొండయ్య బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. ఎర్ర రంగుతో మూరెడు అక్షరాలు: బోటీ హోటల్. పక్కనే పొగలు కక్కే గిన్నె బొమ్మ.

"క్ ఏదయ్యా?" అన్నాడు రాజమోహన్.

"చివర్లో ఒకక్షరం తప్పు పడిందంట సార్. పెయింటరే దిద్దినాడు. అంతేకాదు, గిన్నె బొమ్మ మీ మీద అభిమానంతో ఊరికే వేసినాడు."

రాజమోహన్ రోడ్డు మీద పడుకుని బోర్డును చూశాడు. పడుకుని చూసినా అది బోటీయే. మర్నాడు తెల్లారేసరికి మేడ ముందు జనం క్యారియర్లు పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు కొండయ్య.

"సార్, బోటీ అయిందా?"

"ఇక్కడ బోటీ లేదు కొండయ్యా. ఇక్కడికొచ్చేది పడుకోడానికి."

"తిన్నాక పడుకుంటాం సార్. తినకుండా ఎట్టా పడుకునేది?"

అప్పటినుంచి ఆత్మకూరు పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి కొండయ్య మేడ ముందు హారను కొట్టి, "సార్, బోటీ?" అని అరిచేవాడు. బోర్డు మార్చమని తలా ఒకరు సలహా ఇచ్చారు. లాడ్జి అని రాయమన్నాడు మునెయ్య. లిదియమ్మ రాజమోహన్ ముందు చేతికర్ర నేలకేసి కొట్టింది. "లాడ్జీ అంటే నా మనవరాలు ఈ గడపలో ఉండదు చిన్నయ్యా. చర్చీలో నేను తలెత్తుకునేది ఎట్టా?" గెస్ట్ హౌస్ అని రాయమన్నాడు జోయల్. అట్లా రాస్తే జీపుల్లో ఆఫీసర్లు దిగి, ఊరికే ఉండి, కోడికూర అడుగుతారని రాజమోహన్ భయపడ్డాడు. చివరకు ఆయనే నిచ్చెనెక్కి సున్నం కుంచెతో 'టీ' పక్కన చిన్న 'క్' పెట్టాడు. కాకి రెట్ట వేసిందనుకుని లిదియమ్మ మనవరాలి చేత తుడిపించింది. ఆయన మళ్లీ పెట్టాడు. అవ్వ మళ్లీ తుడిపించింది. సుజనకు అది రెట్ట కాదని తెలుసు. కానీ అవ్వకు ఎదురు చెప్పాలంటే బిడియం, సారుకు చెప్పాలంటే ఇంకా బిడియం. అందుకని మెల్లగా, సగమే తుడిచేది.

దసరా వెళ్లింది. ఒక్కరూ దిగలేదు. బోటీ కోసం వచ్చిన ఎరువుల కంపెనీ ఏజెంటు ఒకాయన మాత్రం సారు బతిమాలితే కాసేపు నడుం వాల్చాడు. వాల్చిన నడుం పొద్దుగూకే వేళకు ఎత్తాడు.

"రేపు కూడా ఉంటారా?" అన్నాడు రాజమోహన్ ఆశగా.

"ఇయ్యాల ఉన్నందుకే మా మేనేజరు నన్ను పీకేస్తాడు," అని ఆయన కొండయ్య బస్సు వెనక పరుగెత్తాడు.

మనిషన్నవాడు దిగులుపడాలి. రాజమోహన్ దిగులుపడకపోగా నాలుగు గదులూ వదిలేసి వెనక గది మీద పడ్డాడు. అవ్వనూ సుజననూ సామానుతో సహా నడవాలోకి మార్చాడు. ఆ గదిలో ఆయన పడుకున్నంతగా ముందు గదుల్లో ఎక్కడా పడుకోలేదు. అవ్వ మంచం మీద అటు తిరిగి, ఇటు తిరిగి పడుకున్నాడు. లేచేటప్పుడు మోకాలు పట్టుకుని, "అబ్బా" అని మూలిగి, మునెయ్యను పిలిచి ఏదో చెప్పేవాడు. సుజన చాప వేసుకునే మూలలో నేలమీద ముడుచుకుని పడుకున్నాడు. లోపల గోడలు పగలగొడుతున్న చప్పుడు వినిపించేది. తలుపు తోస్తే, "సున్నం ఆరాల, రావద్దు" అని కేకేసేవాడు.

"ఈ గది చాలా ముఖ్యం మునెయ్యా. మిగతావి ఎట్టున్నా సరే, ఇది కుదరాల," అనడం సుజన స్తంభం వెనకనుంచి విన్నది.

అంటే నాలుగు గదులకు గిరాకీ లేక ఈ గదిని కూడా హోటల్లో కలుపుతున్నారు. కొండ గాలి వచ్చే గది అదొక్కటే మరి.

"మన గది పోయిందవ్వా," అంది ఆ సాయంత్రం.

"మనదెప్పుడయిందే? ఇల్లు వాళ్లది," అంది లిదియమ్మ, వక్క నములుతూ.

సుజన ఊరుకోలేదు. ఎప్పుడూ గడప దాటని పిల్ల, కొయ్య గరిటెలు చెక్కే వీధికి పోయి, గరిటెలు నున్నగా రుద్దే పనీ, తలదాచుకోడానికి ఒక పంచా ఉంటే చెప్పమని నలుగురిని అడిగింది. నోరు తెరిచి నలుగురిని అడగడం ఆమె జన్మలో అదే మొదలు. దీపావళి తర్వాత చూద్దామన్నారు. మేడ ఉన్నా పోయినా అవ్వను వీధిలో మాత్రం పడుకోబెట్టకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

కొండ మీద మబ్బులు కమ్ముకున్న రోజు రామసుబ్బమ్మ వచ్చింది, గడ్డపారకు ముహూర్తం పెట్టడానికి. కారు షెడ్డులో ఉండటంతో ఆమె, వెంకటరమణయ్య కొండయ్య బస్సు ఎక్కారు. దారి పొడుగునా ఆమె పక్క సీటులో కూర్చున్న ఒక పెద్దామెకు తమ్ముడి పిచ్చి గురించి చెప్పుకొచ్చింది. పాత కొంపకు సున్నం పూసినాడు, ఫ్యాను కాళ్లకాడ పెట్టినాడు, లేవకుండా లైటు ఆర్పచ్చంట, దిండు ఎట్టాంటిది కావాలని అడుగుతాడంట, ఇంకా నయం, జోల పాడతాననలేదు. బస్సు ఉదయగిరిలో ఆగేసరికి ఆ పెద్దామె కూడా సంచి తీసుకుని దిగి, ఈమె వెనకే నడిచింది.

ఆమె పేరు డాక్టర్ సుకుమారి. మద్రాసులో పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరయింది. ఉదయగిరి కోట చూడాలని వచ్చింది. కురచ జుట్టు, నల్ల బూట్లు, చేతిలో పొడుగు గొడుగు.

"ఇక్కడ గది దొరుకుతుందని ఈవిడ చెప్పారు," అంది.

"ఉండాదని చెప్పలా. ఉండి లాభం లేదని చెప్పినాను," అంది రామసుబ్బమ్మ.

రాజమోహన్ చన్నీళ్లిచ్చాడు, పేరు పెట్టి పిలిచాడు. డాక్టరమ్మ గొడుగుతో పొడుస్తూ ఒక్కో గది చూసింది. మొదటి గది బాగుందంది, కానీ బజారు చప్పుడు. రెండోది బాగుందంది, కానీ వెలుతురు ఎక్కువ. మూడోదానికి సున్నం వాసన పోలేదు. నాలుగోదానికి ఏ వంకా దొరక్క కాసేపు నిలబడింది.

"మీ తప్పు కాదు లెండి. జీవితమంతా నైట్ డ్యూటీలే. నాకు సరిగ్గా నిద్రపట్టి ఏళ్లయింది. మా ఇంట్లోనే పట్టదు, ఇక్కడేం పడుతుంది? ఆ తలుపు ఏమిటి?"

"అది అద్దెకు లేదమ్మా."

అప్పటికే ఆమె గొడుగుతో తలుపు తోసేసింది. అందరితోపాటు సుజన కూడా తొంగి చూసింది. అది తన గదే. కానీ తను ఎరిగిన గది కాదు. అవ్వ మంచం కోళ్లు కోసి పొట్టి చేసి ఉన్నాయి, కూర్చుంటే మోకాళ్లు నొక్కుకోకుండా పాదాలు నేలకు ఆనేటట్టు. మంచం దగ్గరనుంచి స్నానాల గది దాకా గోడ వెంబడి పట్టుకుని నడవడానికి నున్నటి కొయ్య కమ్మీ. స్నానాల గదికి గడప తీసేశారు. దిండు పక్కన కిటికీ, అందులో నిండుగా కొండ. చాప వేసుకునే మూలలో, నేలకు జానెడు ఎత్తులో ఇంకో కిటికీ, అంతే కొండ. దాని పక్కన గోడలో చిన్న దీపం, చాప మీద పడుకుని చదువుకునేవాళ్ల పుస్తకం మీద సరిగ్గా వెలుతురు పడేటట్టు. సారు మూలిగిన మూలుగులన్నీ అవ్వవని సుజనకు అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలూ ఆయన సొంత సుఖానికి ఎక్కడా పడుకోలేదు.

"నాకు ఈ గది కావాలి," అంది డాక్టరమ్మ.

"ఇది లిదియమ్మది. ఆమె మనవరాలిది."

"ఒరే," అంది రామసుబ్బమ్మ. "బుద్ధుండాదా నీకు? వాళ్లను ఒక్క రోజు నడవాలో పడుకోమంటే ఏం పోతాది?"

"ఇచ్చినదాన్ని మళ్లీ అడగడం నాకు చేతకాదక్కా."

"ఎప్పుడిచ్చినావు?"

"ఇంకా ఇవ్వలా. ఇయ్యాల ఇద్దామనుకున్నాను."

"ఈమె పోతే మేడ పోతాది. తెలుసా?"

"తెలుసు."

"పోనీ, పడుకుని ఆలోచించు," అంది రామసుబ్బమ్మ, జన్మలో మొదటిసారి.

"దీనికి పడుకోనక్కర్లేదు," అని రాజమోహన్ గది గుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు.

సుజన స్తంభం వదిలి ముందుకొచ్చింది. "సార్, మేం నడవాలో ఉంటాం. అవ్వకు అలవాటే."

"నువ్వు స్తంభం కాడికి పో అమ్మాయ్."

ఈ గోలకు నడవాలోనుంచి లిదియమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. డాక్టరమ్మను ఎగాదిగా చూసింది, బూట్లు చూసింది. "దీనికింత రభస ఏందబ్బా? ఆ మంచం మీద ఇద్దరు పడతారు. నేను గోడవైపు జరుగుతాను. రా తల్లీ, నిలబడి నిలబడి కాళ్లు లాగుతా ఉంటాయి."

డాక్టరమ్మ అవ్వ నడక చూస్తోంది.

"మోకాళ్లా?"

"మోకాళ్లే."

"ఎప్పటినుంచి?"

"కూర్చుని చెప్తాను రా."

డాక్టరమ్మ బూట్లు విడిచి లోపలికి పోయింది. మోకాళ్ల కథ తొందరగానే అయిపోయి, మునిగిపోయిన ఊరి కథ మొదలైంది. నీళ్లు వస్తున్నాయని దండోరా వేస్తే చర్చి గంట విప్పి బండికెక్కించారట. బండి కట్టారట. ఎద్దులు కదల్లేదట. అదిలించినా కదల్లేదట. ఇక్కడికొచ్చేసరికి అవ్వ గొంతు ఆగిపోయింది. కాసేపటికి లోపలనుంచి రెండు గురకలు, ఒకటి సన్నంగా, ఒకటి పెద్దాసుపత్రిది.

రామసుబ్బమ్మ చెవులతో వినాలి కాబట్టి కూర్చుని కాచుకుంది. ఎంతకీ లేవరు. కొండ గాలి నడవాలోకి వీస్తోంది. ఆమె స్తంభానికి ఆనుకుంది, తర్వాత జారగిలబడింది, తర్వాత చల్లటి నేల మీద పూర్తిగా పడుకుంది. వెంకటరమణయ్యకు తన పాత చోటు ఎలాగూ తెలుసు. మునెయ్య, జోయల్ అలవాటైన మనుషులు. మేడంతా నిద్రపోయింది. రాజమోహన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, మునివేళ్ల మీద అటూ ఇటూ తిరుగుతూ కాకులను తోలుతున్నాడు. ఇంతలో బస్సు వచ్చింది. కొండయ్య హారను కొట్టేలోగా రాజమోహన్ రోడ్డు మీదికి ఉరికాడు.

"ష్."

"ఎవరన్నా పోయినారా సార్?" అన్నాడు కొండయ్య గొంతు తగ్గించి.

"నిద్రపోతా ఉండారు."

"అంతమందీనా?" అని కొండయ్య లోపలికి చూసి, బస్సును చప్పుడు చెయ్యకుండా పోనిచ్చాడు. హారను వినబడక, ఎక్కాల్సిన వాళ్లంతా దాని వెనక పరుగులు తీశారు.

మబ్బులు విడి, ఎండ పచ్చబడ్డాక డాక్టరమ్మ జుట్టు సవరించుకుంటూ బయటికి వచ్చింది. ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉబ్బి ఉంది. గుమ్మం పక్కన సుజన కనిపించింది.

"ఏమ్మా, ఎద్దులు కదల్లేదు అన్నదాకా విన్నాను. తర్వాత ఏమైంది? నీకు తెలుసా?"

సుజనకు తెలుసు. ఆ కథ వింటూనే పెరిగింది. అవ్వ దాన్ని ఏ పూటైనా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. సుజన నేలమీద పడుకున్న రామసుబ్బమ్మను చూసింది, కాకుల కోసం ఆకాశం చూస్తున్న సారును చూసింది. గొంతు సవరించుకుంది.

"తెలుసమ్మా. కానీ అవ్వ చెప్తేనే బాగుంటాది. ఆమె ఆ కథ పగలే చెప్తాది, పొద్దుగూకితే చెప్పదు."

డాక్టరమ్మ కొండవైపు చూసింది, దిగుతున్న పొద్దును చూసింది. "నా సంచి ఆ నాలుగో గదిలో పెట్టించండి. రేపు కూడా ఉంటాను."

రాజమోహన్ గబగబా అక్క దగ్గరికి పోయి వంగాడు. "అక్కా, విన్నావా?"

"విన్నాను," అంది రామసుబ్బమ్మ, కళ్లు తెరవకుండా. "వెంకటరమణయ్యా, టేపు చుట్టుకో." వెంకటరమణయ్య వినే స్థితిలో లేడు, టేపు ఆయన తలకింద ఉంది.

రాజమోహన్ అప్పటికి కూలబడి, నడవా మీద బారుగా వాలాడు. మధ్యాహ్నమంతా నిలబడ్డాడు మరి. సంచి ఎత్తుకుని పోతున్న సుజనను మెల్లగా పిలిచాడు.

"అమ్మాయ్, ఆ ఎద్దులు కదిలినాయా లేదా?"

"మీరూ రేపే వినండి సార్," అంది సుజన.